కాదని చెప్పే మనిషి

మధ్యాహ్నం రెండయ్యేసరికి వింధ్యావళి పంతొమ్మిదిసార్లు కాదని చెప్పింది. ఇరవయ్యో అమ్మాయి అప్పుడే సౌందర్యశాల పీఠం మీద కూర్చుంది. పీఠంలోంచి పచ్చటి వెలుగు గీత ఒకటి ఆ పిల్ల ముంజేతి నుంచి మెడ దాకా మెల్లగా పాకి, చెంప దగ్గర ఎర్రబడింది.

"పూచీ లేదు," అంది వింధ్యావళి చెవిలో యంత్రం గొంతు. మనుషుల జబ్బులకూ శాలల పనికీ బీమా అదే, దాని పేరే పూచీ. "కారణం, గత నెలలో చర్మానికి వాడిన మందు. నిరాకరణ వాక్యం చెప్పండి."

వింధ్యావళి ఆ పిల్ల కళ్ళలోకి చూసింది. "మీ క్షేమం దృష్ట్యా ఈ సేవ మీకు చేయలేకపోతున్నాం." అక్కడ రెండు శ్వాసలు ఆగాలి. ఆగింది. "ఆరోగ్యం కుదుటపడ్డాక తప్పకుండా రండి."

"రేపు మా బ్యాచ్ ఫోటో అండీ! ఉత్త కనుబొమ్మలే కదా. పోనీ, ఒక్కటైనా చెయ్యండి."

"ఒక్కటే చేస్తే ఫోటోలో మరీ తెలిసిపోతుందేమోనమ్మా."

ఆ పిల్లకి నవ్వు వచ్చినట్టే వచ్చి కోపంగా మారింది. "మీకేం పోయింది, హాయిగా కూర్చుని కాదంటారు!" అని సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

నిజానికి ఆ మాటలు యంత్రమే చెప్పొచ్చు. మొదట్లో అదే చెప్పేది. తణుకు శాఖలో ఒకాయన గుడినుంచి తెచ్చుకున్న కొబ్బరికాయను పీఠం నెత్తిన పగలగొట్టాక, కాదనే మాట మాత్రం మనిషి నోటి నుంచే రావాలని నియమం వచ్చింది. మిగతా పనంతా లోపల కీలుచేతులు చేస్తాయి. పూచీ దొరికినవాళ్ళు పీఠం పక్కనున్న తలుపులోంచి లోపలికి వెళ్ళి, తళతళలాడుతూ వెనకవీధిలోకి దిగుతారు. వాళ్ళను వింధ్యావళి ఎప్పుడూ చూడలేదు. నిరాకర్తిగా చేరిన ఈ నాలుగేళ్ళలో తన ఎదుట నవ్వుతూ బయటికి నడిచిన మొహం ఆమెకు ఒక్కటీ గుర్తులేదు.

అంతకు ముందు ఆమెవి పనిచేసే చేతులు. దారంతో కనుబొమ్మ తీర్చేటప్పుడు దారం కొస పళ్ళ మధ్య పట్టుకునేది. ఇప్పుడు అవే చేతులు రోజంతా బల్ల మీద ఒకదానిమీదొకటి పడుకుంటాయి. సాయంత్రం ఒంటిగది తాళం తిప్పుతాయి. ఈవేళ వాటికి దొరికిన సుఖమల్లా మధ్యాహ్నం పెరుగన్నంలో దొరికిన మాగాయ టెంక. దాన్ని ఆమె పావుగంట సేపు వదల్లేదు. గోదావరి వంతెన మీద రైలు పోతే దాని కిటికీల నీడలు బల్ల మీద పరుగెత్తుతాయి. వాటిని కూడా ఆమె వేలితో ముట్టి చూస్తుంది.

గాజుతలుపు మళ్ళీ తెరుచుకుంది.

"ఏమ్మా, కాదని చెప్పేది నువ్వేనా?"

వచ్చినావిడకు అరవై దాటి ఉంటాయి. మనిషి దిట్టం. తలకు నీలం తువ్వాలు చుట్టుకుంది. రెండు మోచేతులూ పక్కటెముకలకు అంటుకుపోయినట్టు ఉన్నాయి.

"నేనేనండీ. కానీ ముందు కూర్చోండి. పీఠం చూడకుండా నేనేం చెప్పలేను."

"అది చూసేదేముంది లేమ్మా. పొద్దున్నించీ ఆరు శాలలు తిరిగాను. నీది ఏడోది. ఇదీ అయ్యాక ఇంటికి పోదామనుకున్నా." ఆవిడ కూర్చుంది. "నా పేరు భ్రమరాంబ. ముప్పై ఏళ్ళు పాపికొండల లాంచీకి సరంగుని. ఆ చక్రం తిప్పీ తిప్పీ భుజాలు రెండూ బిగుసుకుపోయాయి. ఇదిగో, ఇంతకంటే పైకి లేవవు." చేతులు ఛాతీ దాకా వచ్చి ఆగిపోయాయి.

"ఏం చేయించుకుందామనండీ?"

భ్రమరాంబ నడుము వంచి, తలను చేతుల దగ్గరికి తెచ్చుకుని, తువ్వాలు లాగేసింది. లోపల నడుము దాకా ఉండాల్సిన జుట్టు. ఒడ్డున ఎండిపోయిన వలలా ఒకే ముద్దగా అట్టకట్టింది. చెవి వెనక సన్నటి మచ్చ వెండిలా మెరిసింది.

"రెండేళ్ళ కిందట మూర్ఛలు ఆగడానికి నెత్తిలో నాడీవల వేశారు. మూర్ఛలైతే పోయాయి. తల మీద చెయ్యేసేవాళ్ళు కూడా పోయారు. రేపు ఎనిమిదింటికి ఆసుపత్రి శుశ్రూష బండి వస్తుంది. జుట్టు ఇలా ఉంటే వల సంకేతాలు అందడం లేదట, గీసేస్తారట. చిక్కు తీసి ఉంటే బండి దాని దారిన అది పోతుంది. అంతేనమ్మా నాక్కావాల్సింది. చిక్కు తియ్యడం."

"గుండు చేస్తారనా..."

"గుండంటే నాకేం భయం? తిరపతిలో నాలుగుసార్లు ఇచ్చాను. అది నేనిచ్చింది. ఇది వాళ్ళు లాక్కునేది."

"ఇంట్లో ఎవరూ లేరా పిన్నిగారూ?" ఆ పిలుపు ఎలా వచ్చిందో వింధ్యావళికే తెలియలేదు.

"ఉంటే ఇక్కడికెందుకొస్తాను? ఎదురింటి పిల్ల మంచిదే. కానీ పూచీ కాదన్న తలను ముట్టుకుంటే దాని పూచీ కూడా రద్దవుతుందట. దానికి ఉబ్బసం పిల్లాడు. రేపు వాడి మందులెవరిస్తారు? నేనే వద్దన్నాను." ఆవిడ నడుము దగ్గరి సంచిలోంచి చిన్న సీసా తీసి ఒళ్ళో పెట్టుకుంది. మరువం వేసి కాచిన నువ్వులనూనె. మూత బిగించే ఉన్నా వాసన వస్తోంది. "పొద్దున్నించీ దీన్ని మోస్తున్నా. డాక్టరు కాగితం కూడా ఉంది. మెల్లగా దువ్వుకోవచ్చని రాశాడు."

పచ్చటి గీత మెడ దాటి చెవి వెనక్కు చేరి ఎర్రబడింది.

"పూచీ లేదు. కారణం, శిరోమండలంలో నాడీవల. నిరాకరణ వాక్యం చెప్పండి."

"డాక్టరు కాగితం ఉంది," అంది వింధ్యావళి నెమ్మదిగా.

"చదివాను. నిషేధ జాబితా మారలేదు."

"ఆ జాబితా ఎప్పటిది?"

"తొమ్మిదేళ్ళ కిందటిది."

"ఈవిడ తలలో ఉన్న రకం వచ్చి ఎన్నేళ్ళయింది?"

"మూడేళ్ళు. నిరాకరణ వాక్యం చెప్పండి."

ఏ శాఖలోనైనా ఈ మాటలు ఇక్కడితో అయిపోతాయి. వింధ్యావళి తలెత్తి భ్రమరాంబ కళ్ళలోకి చూసింది. "మీ క్షేమం దృష్ట్యా ఈ సేవ మీకు చేయలేకపోతున్నాం."

ఒక శ్వాస.

భ్రమరాంబ తువ్వాలును మోకాళ్ళ మీద పరుచుకుంది. చేతులు పైకి లేవవు కనుక నడుము పూర్తిగా వంచి, తలనే తెచ్చి తువ్వాలు మీద పెట్టి, అంచులను తడుముకుంటూ చుట్టుకోసాగింది. ముడి పడలేదు. మళ్ళీ మొదలుపెట్టింది. పొద్దున్నించీ ఆరుసార్లు ఇలాగే చుట్టుకుని ఉంటుంది.

రెండో శ్వాస అయిపోయింది. మూడోదీ అయింది. వింధ్యావళి మిగిలిన ముక్క చెప్పలేదు.

"వాక్యం పూర్తి కాలేదు," అంది పూచీ.

వింధ్యావళి పెదవులు బిగించుకుని కూర్చుంది. నిముషం గడిచింది. వాక్యం పూర్తయితే గానీ లెక్కలో నిరాకరణ అయినట్టు కాదు. అది అయితే గానీ పీఠం ఈ మనిషిని వదలదు, బయట వరుసలో ఉన్నవాళ్ళకు గాజుతలుపు తెరుచుకోదు. మూడు నిముషాలు గడిచాయి.

"వాక్యం పిఠాపురం శాఖకు బదిలీ చేస్తున్నాను."

ఇది కొత్తేమీ కాదు. ఎవరికైనా గొంతు పోతే వేరే ఊరి నిరాకర్తి ఆ వాక్యం అందుకుంటుంది. బల్ల మీద పదకొండు దీపాలు, పదకొండు ఊళ్ళు. అందరూ ఒకరి మొహం ఒకరు ఎరగనివాళ్ళే. ఆ తీగ మీద నాలుగేళ్ళుగా నడిచింది ఆ ఒక్క వాక్యమే. వింధ్యావళి కూడా ఎన్నో ఊళ్ళ మనుషులకు తెరలో చూస్తూ కాదని చెప్పింది. ఇప్పుడు పిఠాపురంలో ఎవరో ఈ తెరలో వంగిన తలనూ, పడని ముడినీ చూస్తూ ఉంటారు.

పిఠాపురం దీపం వెలిగింది. బల్ల మీంచి ఎవరిదో ఊపిరి వినిపించింది. అంతకుమించి ఏమీ వినిపించలేదు.

"వాక్యం మండపేట శాఖకు బదిలీ."

మండపేట దీపం వెలిగింది. అక్కడెవరో గొంతు సవరించుకున్నారు. వింధ్యావళి కళ్ళు మూసుకుంది. గొంతు సవరించుకున్న చప్పుడు తప్ప మాట రాలేదు.

ఆమె లేచింది. మూలనున్న కుళాయి దగ్గర మోచేతుల దాకా కడుక్కుని, చీర కొంగుతో తుడుచుకుంది. తన సంచిలోంచి వెడల్పు పళ్ళ దువ్వెన తీసి పీఠం వెనక నిలబడింది.

"ఆ సీసా ఇలా ఇవ్వండి."

"నీ పూచీ పోతుందే, పిచ్చిమొహమా! జ్వరమొస్తే చూసే దిక్కుందా నీకు?"

"లేదండీ."

"మరి?"

"కొత్త పీఠం ఎక్కితే పాత నిరాకరణలు పక్కకి పోయి లెక్క మళ్ళీ మొదలవుతుందండీ. ఇక్కడ కాదని ఇంకా ఎవరూ అనలేదు. అనేదాకా మీరు కాదన్న మనిషి కారు. అలాంటి తలకి నియమమేం రాయలేదు వాళ్ళు."

"ఎవరో ఒకరు అంటే?"

"అప్పుడు పోతుందండీ," అంది వింధ్యావళి. సీసా అందుకుని మూత తిప్పింది. నూనె ఆవిడ ఒంటి వేడికి గోరువెచ్చగా ఉంది. అరచేయి నిండా పోసుకుని, ఆ మచ్చను తప్పించి, తల నడినెత్తిన చెయ్యి ఉంచింది.

భ్రమరాంబ భుజాలు ఒక్కసారిగా కిందికి దిగాయి. ఇందాకటి నుంచీ కట్టుకున్న గట్టి మొహం అంతా కదిలిపోయింది. "రెండేళ్ళు," అంది. "రెండేళ్ళయిందమ్మా."

వింధ్యావళి తనకు ఎన్నేళ్ళయిందో లెక్కపెట్టబోయి మానేసింది. ముద్దలో దువ్వెన గుచ్చి లాగింది. ఆవిడ "అబ్బా" అంది. ఇంకోచోట గుచ్చింది. పన్ను ఒకటి విరిగింది. నాలుగేళ్ళుగా పనిలేని చేతులు ఎక్కడ మొదలుపెట్టాలో మరిచిపోయాయి.

అమలాపురం దీపం వెలిగి ఆరింది. నిడదవోలుదీ అంతే. తునిది వెలిగింది.

"ఏవండీ," అంది తుని నుంచి ఒక ఆడగొంతు.

వింధ్యావళి చెయ్యి ఆగిపోయింది.

"ఏవండీ, మొదళ్ళ నుంచి లాగకండి. కొసల్లో మొదలుపెట్టండి. ఇంకాస్త నూనె పొయ్యండి, అది తాగుతుంది. ముందు వేళ్ళతో పాయలు విడదీయండి, దువ్వెన ఆఖరున."

"ఈ మాటలు వాక్యంలో లేవు," అంది పూచీ. దాని గొంతులో ఏ మార్పూ లేదు. కానీ ఒక్కో దీపమే వెలగాల్సిన చోట పదకొండూ కలిసి వెలిగి, ఆరకుండా నిలిచిపోయాయి.

"ఎవరమ్మా ఆవిడ?" అంది భ్రమరాంబ.

"తెలీదండీ. తునిలో ఉంటారు."

"పనొచ్చినదానిలా ఉంది. ఎంతసేపు పడుతుందో అడుగు."

"మా అమ్మకి రెండు పూటలు పట్టిందండీ," అంది తుని గొంతు. "కంగారు పడకండి. నేను లైన్లోనే ఉంటాను."

"మా ఊళ్ళో శాల తలుపు బయట ఇరవైమంది ఉన్నారమ్మా," అంది ఇంకెవరో, మండపేటో తణుకో తెలియదు. "ఉండనీండి. నేనూ చూస్తున్నాను."

వింధ్యావళి కింద కూర్చుంది. చివరి కొసను రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, నూనె అద్ది, వెంట్రుకను వెంట్రుక నుంచి విడదీసింది. చిటికెనవేలంత పాయ ఒకటి ముద్దలోంచి ఊడి వచ్చి, నల్లగా, తిన్నగా ఆమె మణికట్టు మీద వాలింది.

"నిరాకరణ వాక్యం ఎవరు చెబుతారు?" అని పూచీ పదకొండు ఊళ్ళలో ఒకేసారి అడిగింది.

వింధ్యావళి రెండో పాయ అందుకుంది.