ఒకే ఊరికి బదిలీ

"గుడ్డు ఒక్కటే ఉడికించావేం?"

ఆదివారం పొద్దున స్టవ్ మీది గిన్నెలోకి తొంగిచూస్తూ అడిగాడు అతను.

ఆమె కూడా తొంగిచూసింది. మరుగుతున్న నీళ్లలో నిజంగానే ఒక్క గుడ్డు దొర్లుతోంది.

"అలవాటు," అంది. "నాలుగేళ్లుగా ఒక్కటే ఉడికిస్తున్నా."

"మనం ఈ ఇంట్లోకొచ్చి ఇరవై రోజులైంది."

"ఇరవై మూడు. మరి నువ్వో? మొన్న బయటినుంచి తాళం వేసుకుని చక్కా పోయావు. నేను స్నానం చేస్తున్నానని గుర్తుందా?"

గుర్తులేదు. వీధి మలుపు తిరిగాక ఆమె ఫోన్ చేస్తేగానీ తెలియలేదు. పరుగెత్తుకొచ్చి తాళం తీస్తే, తల తుడుచుకుంటూ "థాంక్యూ జైలర్ గారూ" అంది. ఇద్దరూ నవ్వారు. నవ్వు అయిపోయాక ఏం మాట్లాడాలో ఇద్దరికీ తోచలేదు.

అదే వాళ్ల జబ్బు.

అతను వాతావరణ కేంద్రంలో అబ్జర్వర్. గంటగంటకీ గాలి ఎటు వీస్తోందో, వాన ఎన్ని మిల్లీమీటర్లు పడిందో చూసి రిజిస్టర్లో రాయడం అతని పని. ఆమె కోర్టులో స్టెనో. పెళ్లైన వారానికే చెరో ఊరికి వెళ్లిపోయారు. అతను ఓడల ఊరు నుంచి క్వారీ ఊరికీ, అక్కణ్ణుంచి కొండమీది ఊరికీ బదిలీ అయ్యాడు. ఆమె జంక్షన్ ఊళ్లో ఏడాది, నది ఊళ్లో మూడేళ్లు చేసింది. రాష్ట్రమంతా పంచుకున్నట్టు తిరిగారుగానీ ఒక్క ఊళ్లోనూ ఇద్దరూ కలిసి లేరు. నెలకి రెండు శనివారాలు అతను ఆమె గదికో, ఆమె అతని గదికో చుట్టంలా వెళ్లడమే కాపురం.

ఫోన్లో మాత్రం ఇద్దరికిద్దరే. ఓడల ఊళ్లో ఉప్పుగాలికి తాళం తుప్పుపట్టి, సొంతగదిలోకి కిటికీలోంచి దూకిన కథ అతను చెప్పేవాడు. జంక్షన్ ఊళ్లో రైలు కూతకి ఉలిక్కిపడి జడ్జిగారి తీర్పులో ఒక వాక్యం ఎగరగొట్టిన కథ ఆమె చెప్పేది. అతణ్ణి "వాన మాస్టారూ" అనేది. అప్పుడు రోజుకి గంట చాలేది కాదు. ఇప్పుడు ఒకే టేబుల్ దగ్గర కూర్చుంటే పది నిమిషాలు గడవడం లేదు.

ఒక సాయంత్రం అతనికి ఉండబట్టలేక ముందుగదిలోంచి పక్కగదిలోని ఆమెకి ఫోన్ చేశాడు.

"హలో, స్టెనో గారేనా? మీ ఊళ్లో వానా?"

"మబ్బుగా ఉంది మాస్టారూ. మీ ఊళ్లో?"

"కిటికీ తెరిచి చూడాలి."

"చూసి చెప్పండి. రాసుకుంటా."

గోడకి అటునుంచి నవ్వు, ఫోన్లోంచి నవ్వు రెండూ వినిపించాయి. అతనికి ప్రాణం లేచొచ్చింది. ఇంకేదో అనబోయేలోపే ఆమె మామూలు గొంతుతో "సరే, ఉంటా మరి" అని పెట్టేసింది. ఆ గదిలో లైటు ఆరింది.

ఆ మర్నాడే టేబుల్ సొరుగులో గొడుగు కోసం వెతుకుతుంటే ఒక దరఖాస్తు దొరికింది. ఆమె దస్తూరీ. బదిలీ కోరే చోటు అన్న గీతమీద నది ఊరి పేరు.

కోర్టు నుంచి ఆమె వచ్చేసరికి ఆ కాగితం టేబుల్ మీద ఉంది.

"ఇదేంటి?"

"చదివావుగా."

"నాలుగేళ్లు ఆఫీసుల చుట్టూ కాళ్లరిగేలా తిరిగితే ఒకే ఊరికి వేశారు. అప్పుడే నా మీద విసుగొచ్చిందా?"

"విసుగైతే బాగుండేది. విసుక్కునేదాన్ని." ఆమె తడి చెప్పులు విప్పి కుర్చీలో కూర్చుంది. "అక్కడ ఒంటరిగా ఉన్నానంటే, గదిలో ఎవరూ లేరు కాబట్టి. ఇక్కడ నువ్వు పక్కనే ఉన్నావు. అయినా అలాగే ఉంది. ఇది నావల్ల కావట్లేదు."

"అన్ని ఊళ్లుండగా ఆ ఊరే ఎందుకు?"



"క్వారీ ఊళ్లో నీ మంచం కోడు విరిగిన కథ నాకు పదహారుసార్లు చెప్పావు. నది ఊళ్లో నాకేమైందో ఒక్కసారి అడిగావా?"



రెండేళ్ల కిందట అతను ఓడల ఊళ్లో ఉండగా, ఆమెకి ఐదో నెలలో కడుపు పోయింది. అతను మూడోరోజున చేరాడు. తుఫాను వల్ల వంతెన మూసేశారని చెప్పాడు. "పర్లేదులే, బాగానే ఉన్నా" అంది ఆమె. అంతే. ఆ తర్వాత ఇద్దరూ ఎన్నో ఊళ్ల గురించి చెప్పుకున్నారుగానీ, మాటల్లో ఆ ఊరు వస్తే ఇద్దరూ పక్కకి తప్పుకునేవాళ్లు.

"శనివారం వెళ్దాం," అన్నాడు అతను చివరికి. "నువ్వు చూపించు."

ఆమె శనివారం పొద్దున అతనికంటే ముందే తయారై తలుపు దగ్గర నిలబడింది.

మూడు గంటల బస్సు ప్రయాణం. కిటికీ అద్దం మీద వాన చారలు కట్టి జారుతోంది. వంతెన రాగానే అతను మాట ఆపేశాడు. కింద నది బురదరంగులో, ఒడ్డుల నిండా పారుతోంది.

ఆమె మూడేళ్లు అద్దెకున్న ఇంట్లో, ఓనరమ్మ కింది వాటాలో కుట్టుమిషన్ ముందు కూర్చుని ఉంది. ఆమెని చూడగానే లేచొచ్చి రెండు చెంపలూ నిమిరింది. తర్వాత కళ్లజోడు సర్దుకుని అతణ్ణి కిందినుంచి పైదాకా చూసింది.

"నువ్వేనా నాయనా, వాన లెక్కపెట్టే మొగుడివి?"

"నేనేనండీ."

"లెక్క తేలిందా, ఇంకా ఉందా?"

"పిన్నిగారూ," అని ఆమె వారించింది.

"ఏమన్నానే ఇప్పుడు? కూర్చోమను, టీ పెడతా." వంటింట్లోకి వెళ్తూనే మాట్లాడుతోంది ఓనరమ్మ. "ఆ రోజు మా తమ్ముడు రాబట్టి సరిపోయింది. ఓడల ఊరి నుంచి రెండింటి బస్సులో వచ్చాడు. బస్సు దిగీ దిగగానే మందులకి పరుగెత్తించాను. వాడు లేకపోతే నేనూ ఈ పిల్లా ఏమైపోయేవాళ్లమో."

 రెండింటి బస్సు వంతెన దాటే వచ్చింది. ఆమెవైపు చూశాడు. ఆమె కుట్టుమిషన్ మీది గుడ్డని వేలితో సాపు చేస్తోంది. ఆ మొహంలో కొత్తగా తెలుసుకున్నదేమీ లేదు.

టీ తాగాక ఇద్దరూ మేడమెట్లు ఎక్కారు. పైగది ఖాళీగా ఉంది. గోడకి ఒక మేకు, కిటికీలోంచి నది. అతను లోపలికి అడుగుపెట్టలేక పైమెట్టు మీదే కూర్చుండిపోయాడు.

"ఆ రోజు వంతెన మూయలేదు," అన్నాడు.

ఆమె గుమ్మంలో ఆగింది.

"మూసింది మర్నాడు. నీ ఫోన్ వచ్చింది పదకొండింటికి. వెళ్లు, డ్యూటీ నేను చూసుకుంటానన్నాడు మా సీనియర్. రెండింటి బస్సెక్కాను కూడా. కూర్చున్నాను. కదిలేముందు దిగిపోయాను."

"ఎందుకు?"

"భయమేసింది. నీ మొహం ఎలా చూడాలో, ఏమనాలో తెలియలేదు. డ్యూటీలో ఉంటే గంటకోసారి ఏం రాయాలో తెలుసు. వెనక్కెళ్లి అదే రాస్తూ కూర్చున్నాను."

వాన మెట్లమీద పడి చిట్లుతోంది. ఆమె వచ్చి అతని పక్కన కూర్చుంది. ఇద్దరి మధ్య ఒక మనిషి పట్టేంత చోటుంది.

"తెలుసు," అంది.

"ఎప్పట్నుంచి?"

"ఆ సాయంత్రం నుంచే. వాళ్ల తమ్ముడు దిగిన బస్సులో నువ్వూ ఉంటావని ఆస్పత్రి కిటికీలోంచి చూస్తూనే ఉన్నా."

"మరి నన్ను అడగలేదేం?"

"కోర్టులో రోజూ చూస్తుంటాను. అడిగితే వచ్చే జవాబు వేరు, మనిషి తనంతట తాను చెప్పేది వేరు. నువ్వే చెప్తావని చూశా. రెండేళ్లు చూశా. ఒకే ఇంట్లో ఉంటే చెప్తావేమో అనుకున్నా. నువ్వు మంచం కోడు కథ మొదలుపెట్టావు."

అతను మొహం అరచేతుల్లో దాచుకున్నాడు. "క్షమించమని అడిగే మొహం కూడా లేదు నాకు."

"అడుగు. అడిగితే వెంటనే ఇచ్చేస్తానని కాదు. అడగాలి కదా."

అడిగాడు.   ఆమె నదివైపు చూస్తూ, "ఆడపిల్ల," అంది. "నీకెవరూ చెప్పలేదు కదా."

లేదు. ఎవరూ చెప్పలేదు. అతను అడగనూ లేదు. ఇప్పుడు మెట్టు అంచు పట్టుకుని చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. పెళ్లయ్యాక అతను ఏడవడం ఆమె చూడలేదు.  దగ్గరికి జరిగి అతని వీపుమీద చెయ్యి వేసింది. అప్పుడు ఆమెకీ కన్నీళ్లాగలేదు.

మూడింటి బస్సు పోయింది. నాలుగింటిది కూడా పోయింది. మెట్లమీదే కూర్చుని ఆమె చెప్పడం మొదలుపెట్టింది. పొద్దున లేవగానే నడుం ఎలా లాగిందో, ఓనరమ్మ చెప్పుల్లేకుండా వీధిలోకి ఎలా పరుగెత్తిందో, ఆస్పత్రి గోడలకి ఏ రంగో, నర్సు ఏమందో. అతను ఒక్కసారి కూడా అడ్డు రాలేదు, నవ్వించాలని చూడలేదు.

ఐదింటి బస్సులో వెనక సీటు దొరికింది. బస్సు వంతెన దాటాక అతను మెల్లిగా అడిగాడు.

"ఆ దరఖాస్తు పంపిస్తావా?"

"ఇంకా అనుకోలేదు." ఆమె కొంగుతో కిటికీ అద్దం తుడిచింది. "మొదటిరోజే అయింది. నువ్వొచ్చిన రోజుదాకా ఇంకా రెండు రోజులున్నాయి చెప్పడానికి."

అతను ఆమెవైపు తిరిగి కూర్చున్నాడు.

"రెండోరోజు?" అన్నాడు.

ఆమె చెప్పసాగింది.