ముగింపు ముందొచ్చిన ఎలుగుపిల్ల

ఆ బుధవారం సాయంత్రం ఏడింటికి అమెరికాలోని డులూత్ ఊరంతా టీవీల ముందు నోరు తెరిచింది. కారణం మార్లిస్.

'తప్పిపోయిన ఎలుగుపిల్ల' అనే అరగంట బొమ్మల సినిమాని క్రిస్మస్ ముందు ఏడాదికి ఒక్కసారే వేస్తారు. పిల్లలు టీవీ కార్యక్రమాల పుస్తకంలో ఆ పేరుకి సున్నా చుట్టుకుని, భోజనాలు త్వరగా ముగించి కూర్చుంటారు. అలాంటి సినిమాకి, టీవీ స్టేషన్లో రీళ్ళు ఎక్కించే మార్లిస్ డబ్బా మీద చీటీ చూసిందే గానీ లోపలి రీలు చూడలేదు. రెండో రీలు ముందు ఎక్కింది. ఎలుగుపిల్ల మొదట ఇల్లు చేరింది, ఆ తర్వాత తప్పిపోయింది.

"రేపు పొద్దున నా గదికి రా" అన్నాడు మేనేజరు గ్రేడీ. "ఈలోగా ఆ ఫోన్లు నువ్వే ఎత్తు, తిట్లూ నువ్వే తిను."

ఉద్యోగం పోతే మామయ్య పాలకేంద్రంలో సీసాలు కడగాల్సిందే. మార్లిస్ ముప్ఫై ఏడు ఫోన్లు ఎత్తింది. ముప్ఫై ఎనిమిదోది ఎవరో కుర్రవాడు.

"ఎలుగుపిల్ల గురించి..."

"తెలుసండీ, తప్పు నాదే. మీ పిల్లలు ఏడుస్తున్నారు, అంతేగా?"

"నాకింకా పెళ్ళే కాలేదండీ."

"మరి ఏడుస్తున్నదెవరు?"

"మా నాన్న."

"ఆయన వయసెంత?"

"యాభై తొమ్మిది."

మార్లిస్ నవ్వు ఆపుకోవడానికి చాలా కష్టపడింది.

కుర్రవాడి పేరు ఆర్వో. తండ్రి టోయివో రైల్వేలో పనిచేస్తాడు. చలికాలమంతా ఏడుంబావుకి రాత్రి డ్యూటీకి బయల్దేరాలి.

"ఎనిమిదేళ్ళుగా సగం చూసి లేచిపోతున్నాడండీ. మిగతాది మేం చెబుతామంటే చెవులు మూసుకుంటాడు, నా కళ్ళతోనే చూస్తానంటాడు. ఇవాళ చూశాడు. ఎలుగుపిల్ల తల్లి దగ్గరికి చేరగానే కళ్ళు తుడుచుకుని, అన్నం డబ్బా కూడా మర్చిపోయి వెళ్ళాడు. థాంక్స్ చెబుదామని చేశాను."

అన్ని తిట్లకీ చలించని మార్లిస్‌కి అప్పుడు కళ్ళు నిండాయి.

"ఈ మాట పొద్దున మా మేనేజరుకి చెబుతారా? నన్ను తీసేసేలా ఉన్నాడు."

పొద్దున్నే టోయివో డ్యూటీ దిగి, గ్రీజు కోటుతోనే కొడుకుని వెంటబెట్టుకొచ్చాడు. యాలకుల రొట్టె ఒకటి గ్రేడీ బల్ల మీద పెట్టి, ఎనిమిదేళ్ళ సంగతీ చెప్పాడు.

"అయితే ఏటా తలకిందులుగానే వెయ్యమంటావా?" అన్నాడు గ్రేడీ.

"నాకు చాలయ్యా. పిల్లలకి సరిగ్గా వెయ్యండి. ఆ అమ్మాయినే వెయ్యనివ్వండి. మేం పట్టాల మీద ఎన్ని తప్పులు చేసి నేర్చుకున్నామో మీకేం తెలుసు?"

గ్రేడీ రెండు ముక్కలు తిన్నాక మెత్తబడ్డాడు. "ఆదివారం మధ్యాహ్నం మళ్ళీ వేద్దాం. మార్లిస్, ఈసారి రీలు చూసి ఎక్కించు."

వరండాలో ఆర్వో మార్లిస్‌ని ఆపాడు. "ఆదివారం మా ఇంటికి రండి. పేలాలు వేయించుకుని అందరం కలిసి చూద్దాం."

"మీరు చూడాలంటే నేనిక్కడ ఉండాలి కదండీ. మూడేళ్ళుగా పండగ బొమ్మలన్నీ ఈ గదిలో ఒక్కదాన్నే చూస్తున్నాను."

ఆదివారం ఆర్వోనే పేలాల గిన్నెతో, అమ్మానాన్నలతో రీళ్ళ గదిలోకి దిగాడు. ఉన్న ఒక్క స్టూలూ అమ్మకిచ్చారు. టోయివో అంతా ముందే తెలిసినా మళ్ళీ కళ్ళు తుడుచుకున్నాడు.

సినిమా అయ్యాక ఆర్వో ఆమె పక్కకి జరిగాడు. "నువ్వంటే నాకిష్టం మార్లిస్. ఆ రోజు ఫోన్లో నవ్వాపుకున్నావు చూడు, అప్పటి నుంచి."

"అది వినిపించిందా?"

"బాగా."

"నాకూ ఇష్టమే" అంది మార్లిస్, రీలు మీంచి కళ్ళెత్తకుండా. "తిట్టాల్సిన చోట థాంక్స్ చెప్పిన మనిషివి నువ్వొక్కడివే."

"మీ కబుర్లు దారిలో చెప్పుకోండి" అంది తలుపు దగ్గర్నుంచి ఆర్వో వాళ్ళమ్మ. "అమ్మాయ్, నీకూ కలిపే వండాను. పద."

మార్లిస్ గబగబా కోటు వేసుకుంది. ఊరందరి ఇళ్ళకీ పండగ పంపే ఆ పిల్ల, మూడేళ్ళకి మొదటిసారి ఒక ఇంటికి పండక్కి వెళ్ళింది.