చుక్క లేని బోల్టు

ఆదివారం ఉదయం ఆరున్నర. షెడ్డు తాళం పగిలి ఉంది.

లోపల పాత జీపు స్టాండ్ల మీద నిలబడి ఉంది. పక్కన బల్ల మీద దాని ట్రాన్స్‌ఫర్ కేస్. ఇంజను బలాన్ని నాలుగు చక్రాలకీ పంచే అల్యూమినియం పెట్టె అది. రెండు సగాలుండాలి. ఒక్కటే ఉంది.

"రెండోది ఎత్తుకుపోయారు మేడమ్!" అన్నాడు పళ్ళ డాక్టరు. జీపు రిపేరు సొంతంగా చేసుకుంటున్న ఘనుడు ఈయనే. "ఎవరో కూడా తెలుసు. మా తోడల్లుడు!"

"అంత ఖాయంగా ఎలా చెప్తున్నారు?" అడిగింది ఇన్‌స్పెక్టర్.

"కుళ్ళు. నేను బాగుపడితే వాడికి నిద్ర పట్టదు."

అసలు సంగతి వాళ్ళ మామగారు చెప్పారు. జీపు ఆయనది. బాగుచేసి నడిపించిన అల్లుడికే జీపు అన్నారట సరదాకి. చిన్నల్లుడిది స్పేర్ పార్టుల షాపు. మెకానిక్ చేత చేయిస్తానన్నాడు. అంతే, పెద్దల్లుడైన డాక్టరుకి పంతం పుట్టుకొచ్చింది. ఇంకొకరి చెయ్యి పడనివ్వనన్నాడు. వీడియోలు చూసి నేర్చుకున్నాడు. ఈ రోజు మామగారిని ఎక్కించుకుని ఊరంతా తిప్పాలి.

చిన్నల్లుణ్ణి పిలిపించారు. వెనకే అతని భార్య.

"రాత్రి ఎక్కడున్నారు?"

"ఇంట్లోనే మేడమ్."

"నిన్న సాయంత్రం ఈ గేటు దగ్గర కనిపించారట?"

అతను నీళ్ళు నమిలాడు. "వచ్చాను. బయటే నిలబడి చూశాను."

"ఎందుకు?"

"ఊరికే... చూడాలనిపించింది."

"విన్నారా మేడమ్? కళ్ళల్లో నిప్పులు పోసుకోవడానికి వచ్చాడు!" డాక్టరు గొంతులో దుఃఖం కన్నా సంబరమే ఎక్కువగా ఉంది.

కానిస్టేబుల్ చిన్నల్లుడి భుజం మీద చెయ్యి వేశాడు. "పదండి, స్టేషన్‌లో మాట్లాడుకుందాం." అతని భార్య బావురుమంది. రేపు షాపు తెరిస్తే నలుగురూ ఏమనుకుంటారు? దొంగ అనే మాట ఒకసారి అంటుకుంటే వదులుతుందా?

"ఒక్క నిమిషం," అంది ఇన్‌స్పెక్టర్. ఆమె బల్ల మీది స్టీలు ట్రే వైపు చూస్తోంది. "ఇవేంటి?"

"కేస్ బోల్టులు. కొత్తవి. ఇంకా ఒక్కటీ వాడలేదు."

"సగాలు ఇంకా కలపలేదా?"

"ఈ పొద్దున కలుపుదామనుకున్నా. ఇంతలో ఈ ఘోరం."

"బోల్టు ఎలా బిగిస్తారో చూపిస్తారా? నాకు ఇవి కొత్త."

డాక్టరు ముఖం వికసించింది. పాఠం చెప్పమంటే ఆయనకి ఎక్కడలేని హుషారు. జీపుకే ఉన్న ఒక బోల్టు మీద టార్క్ రెంచ్ పెట్టి తిప్పాడు. బిగువు సరిపోగానే అది టక్‌మంది. వెంటనే జేబులోంచి తెల్ల పెయింట్ పెన్ను తీసి బోల్టు తల మీద చుక్క పెట్టాడు.

"చుక్క ఎందుకు?"

"బిగించానని గుర్తు. ఎన్ని చేసినా ఇదే పద్ధతి మేడమ్. చుక్క పెట్టందే రెండోదాని జోలికి పోను."

"మంచి అలవాటు."

ఆమె అందరినీ బల్ల దగ్గరికి రమ్మంది. ట్రేలోని బోల్టులని తలలు పైకి వచ్చేలా వరసగా నిలబెట్టింది. మొదటిదాని తల మీద తెల్ల చుక్క. పక్కదాని మీదా చుక్క. ఒక్కటి తప్ప అన్నిటి మీదా చుక్కలే.

"వాడని బోల్టులకి చుక్కలు ఎవరు పెట్టారు డాక్టరు గారూ?"

డాక్టరు పెయింట్ పెన్నుని జేబులోకి తోసేశాడు.

"కేస్ నిన్ననే కలిపేశారు మీరు. అన్నీ బిగించారు. ఈ ఆఖరిది మాత్రం పూర్తి కాలేదు. ఏమైంది?"

డాక్టరు కుర్చీలో కూలబడ్డాడు. "బిగిస్తుంటే ఒక సగం పగిలింది. రెండు సగాలనీ సరిగ్గా కలిపి ఉంచే పిన్ను లోపల కుదురుగా కూర్చోలేదు. విప్పి చేత్తో సర్దాల్సింది. బోల్టులు బిగించి బలవంతంగా దగ్గరికి లాగాను. పంటికి పెట్టే సిమెంటు కూడా పూసి చూశాను."

కానిస్టేబుల్ నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్ళాడు.

"మరి ఆ సగం?"

"క్లినిక్‌లో. ప్లాస్టర్ బస్తాలో."

"తాళం మీరే పగలగొట్టుకుని, ఈయన్ని జైలుకి పంపబోయారు. నిజం చెప్పుకోలేకపోయారా?"

"వీడి ముందు ఓడిపోయానని చెప్పమంటారా? వీడి ముందా?"

మామగారు తల దించుకున్నారు. చిన్నల్లుడు మాత్రం డాక్టరు దగ్గరికి వచ్చాడు.

"అలాంటి సగం మా షాపులోనే ఉంది అన్నయ్యా. ఒక్క మాట అంటే తెచ్చి ఇచ్చేవాణ్ణి."

"నీ దానం నాకొద్దు. ఒక్కసారి నువ్వు ఓడిపోతే చూడాలని ఉంది నాకు. అంతే."

"నేను రోజూ ఓడిపోతూనే ఉన్నా అన్నయ్యా." అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "పొద్దున లేస్తే ఇంట్లో మీ మాటే. 'మా బావగారిని చూడండి, తన చేత్తో తను చేసుకుంటున్నారు. మీరున్నారు, అమ్మడం తప్ప ఏం వచ్చు?' అంటుంది. ఆ చెయ్యేదో చూద్దామనే నిన్న గేటు దగ్గర నిలబడ్డాను. కుళ్ళుకున్నాను. మీరన్నది నిజమే."

అతని భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

డాక్టరు మెల్లగా తల ఎత్తాడు. ఇందాకటి నుంచి మాడిపోయిన ముఖంలోకి ఏదో వెలుగు వచ్చింది.

"నిజంగా అలా అందా?" అని అడిగాడు.