కరిగిపోయే ప్లేటు

ఉప్పునీటి తొట్టెలో, మనిషి ఒంటికి ఉన్నంత వేడిలో, ఒక మెగ్నీషియం ప్లేటు వంగి లేస్తోంది. యంత్రం పైనుంచి నొక్కిన ప్రతిసారీ మనిషి ఒక అడుగు వేసినట్టు. డాక్టర్ హైమవతి కుర్చీ దగ్గరికి లాక్కుని చూస్తూ కూర్చుంది. లక్షా తొంభై వేల అడుగుల దగ్గర ప్లేటు రెండు ముక్కలైంది.

ఆ ప్లేటు వెనక ఆమె పదకొండేళ్ల శ్రమ ఉంది. విరిగిన ఎముకను అది అతుక్కునేదాకా పట్టి ఉంచుతుంది. తర్వాత మెల్లగా ఒంట్లోనే కరిగిపోతుంది. స్టీలు ప్లేటులా దాన్ని తీయడానికి ఇంకో ఆపరేషన్ అక్కర్లేదు. మళ్ళీ ఆసుపత్రికి రాలేని కూలిజనం కోసమే దాన్ని తయారుచేసింది. అనుమతికి రెండు పరీక్షలు చాలన్నారు. ఉప్పునీటిలో నానబెట్టి ఎంత కరిగిందో చూడాలి. పొడిగా ఉంచి ఎంత బరువు మోస్తుందో చూడాలి. రెండూ కలిపి చేయమని నిబంధనల్లో లేదు. ఆమె కూడా చేయలేదు, ఆ ప్లేటు వేయించుకున్న, చేపల రేవులో గంపలు మోసే సన్యాసమ్మ కాలు మళ్ళీ విరిగేదాకా.

హైమవతి నేరుగా వార్డుకెళ్ళింది.

"ఎన్నో రోజున పనిలోకెళ్ళావమ్మా?"

"పద్దెనిమిదో రోజునమ్మా. నొప్పి నేదు. ప్లేటు గట్టిదన్నారు గదా."

"పది వారాలు బరువు మోయొద్దని చెప్పలేదా?"

"సెప్పారు. అన్నాళ్ళు ఇంట్లో కూకుంటే నా గంప ఇంకోలు ఎత్తుకుంటారు. మళ్ళీ నన్ను రానిత్తారేటి?"

"తప్పు నీది కాదు. ఒంట్లో నానుతూ బరువు మోస్తే అది తొందరగా పగులుతోంది. ముందే నేను చూడాల్సింది."

సన్యాసమ్మ దుప్పటి కాలి మీదికి లాక్కుంది.

హైమవతి ఉన్నదున్నట్టు రిపోర్టు రాసి, ప్లేటుకు అనుమతిచ్చిన కమిటీకి ఇచ్చింది. కమిటీ పెద్దాయన రెండుసార్లు చదివాడు.

"మీ పనిని మీరే ఆపించుకుంటారా?"

"ఆపొద్దండి. మందం పెంచి మళ్ళీ పరీక్షిద్దాం. మూడేళ్లు పడుతుంది."

కమిటీ అంతకాలం ఆగలేదు. వారంలోనే ఒక ఫారం తెచ్చింది. పది వారాలు మంచం మీద ఉండగలనని సంతకం పెట్టినవాళ్ళకే ఆ ప్లేటు.

సన్యాసమ్మ రెండో ఆపరేషన్ రోజున ఎముకల డాక్టర్ ఫణీంద్ర ఆ ఫారం చదివి వినిపించాడు. హైమవతి పక్కనే నిలబడింది.

"ఉండగలవా?"

"ఉండలేనండి."

"అయితే స్టీలే. ఏడాదికి వచ్చి తీయించుకోవాలి."

"అలాగేనండి," అంది సన్యాసమ్మ. ఆమె రాదని ఆ గదిలో అందరికీ తెలుసు.

సంవత్సరం చివర్లో ఫలితాలు వచ్చాయి. నాలుగువందల పన్నెండు మందికి ప్లేటు అమర్చారు. ఒక్కటీ విరగలేదు. కమిటీ హైమవతికి అభినందనలు రాసి పంపింది. ఆమె ఉత్తరం పక్కన పెట్టి, రోగుల జాబితాలో వృత్తి అని రాసిన వరసను వేలితో పై నుంచి కిందిదాకా చదివింది. రిటైర్డ్ మేనేజర్, లెక్చరర్, వ్యాపారి, గృహిణి, వ్యాపారి. చివరి పేజీ కూడా తిప్పింది. బరువులు మోసి బతికేవాళ్ళు అందులో ఒక్కరూ లేరు.