తాహేరా చెప్పని ధర

ముందుగా ఒక మాట. నేను అక్షరాలు దిద్దింది మనుమలు బడికి పోయే కాలంలో. వత్తులు, దీర్ఘాలు అక్కడక్కడ తప్పుతాయి. చెయ్యి కూడా నిదానం. ఓపిక చేసుకుని చదవండి.

మక్తల్‌లో పీర్ మహమ్మద్ ఇంట్లో ఆ రోజు కూడా అందరికంటే ముందు లేచింది ఆయన భార్య లాల్ బీయే. జొన్నరొట్టెలు కాల్చి, పుంటికూర పప్పుతో గిన్నెలో సర్ది, కూతురు తాహేరా సంచిలో పెట్టింది.

"రెండు ముక్కలు నోట్లేసుకొని పోవే. గా సర్కారు లెక్కలు జరసేపు ఆగితే ఓడలు మునుగుతయా?"

"ఓడలు మునగవమ్మీ, మా సారు మునుగుతడు," అంటూ తాహేరా బస్సు కోసం పరుగు తీసింది.

ఆమెకు మహబూబ్‌నగర్‌లో చిన్న సర్కారు దఫ్తర్‌లో ఉద్యోగం. జిల్లాలో ఏ కంపెనీ ఏ సరుకు పైదేశాలకు అమ్మింది, ఎవరికి, ఏ ధరకు అమ్మింది, అక్కడి నుంచి ఏం తెప్పించుకుంది, ఆ కాగితాలన్నీ ఆమె చేతి మీదుగానే పోతాయి. ఆమె వాటిని సరిచూసి, మొత్తాలు కట్టి ఢిల్లీకి పంపుతుంది. అది 1993. మక్తల్ నుంచి రోజూ బస్సెక్కి ఉద్యోగానికి పోయే ఆడపిల్లలు అప్పట్లో చాలా అరుదు. తన బిడ్డ రాసిన అంకెలు ఢిల్లీ దాకా పోతాయంటే, చదువు రాని లాల్ బీకి ఒళ్లు పులకరించేది.

పీర్ మహమ్మద్‌ది పల్లీల వ్యాపారం. గింజలు ఏరించి, మద్రాసు ఓడరేవు నుంచి పైదేశానికి పంపేవాడు. పోయినేడు సరుకు కొన్న అక్కడి షావుకారు ఈ ఏడు ఉత్తరం ముక్క రాయలేదు. పెరటి గోదాములో మూటలు కప్పు దాకా పేరుకున్నాయి. గింజలేరే ఆడవాళ్లకు పని ఆగిపోయేలా ఉంది. అవతలి వీధిలో అదే వ్యాపారం చేసే రఘుపతి లారీలు మాత్రం వరసగా మద్రాసు పోతున్నాయి.

సాయంత్రం తాహేరా ఇంటికొచ్చేసరికి అన్న బషీర్ మంచినీళ్లు తెచ్చి చేతికిచ్చాడు.

"ఏంది భయ్యా, నువ్వు నీళ్లు తెచ్చినవ్? ఇయ్యాల వాన పడ్తది."

బషీర్ నవ్వలేదు. తండ్రి వైపు చూశాడు. పీర్ మహమ్మద్ గొంతు సవరించుకున్నాడు.

"బిడ్డా, గా రఘుపతి పల్లీలు ఎవరికి పోతున్నయి? ఏ ధరకు?"

తాహేరా గ్లాసు కింద పెట్టింది. "గది చెప్పొద్దు బాబా."

"ఎవరు చూడొచ్చిన్రు?" అన్నాడు బషీర్. "పేరొకటి, ధరొకటి చాలు. మనం జర తగ్గించి రాస్తే రఘుపతి షావుకారు మన దిక్కు తిరుగుతడు."

"రఘుపతి కాక మా దఫ్తర్‌ను నమ్మి రాసిచ్చిండు. గా నమ్మకాన్ని మనింటికి ఎట్ల ఎత్తుకొస్త?"

పీర్ మహమ్మద్ మొహం ఎర్రబడింది. "ఊరోళ్లు ఎన్ని మాటలన్నా పడి నిన్ను చదివించిన. ఇంటి అక్కరకు రాని నౌకరి నాకెందుకు? చెప్తే చెప్పు. లేకుంటే రేపటి నుంచి బస్సెక్కొద్దు. ఇంట్ల కూసొని గింజలేరు."

తాహేరా కళ్లు నిండాయి. "ఏరుత బాబా. కానీ పేరు చెప్ప."

లాల్ బీ వంటింటి గడప దగ్గర నిలబడి వింటోంది. మగవాళ్ల వ్యాపారంలో ఆమె ఏనాడూ నోరు పెట్టలేదు. ఈసారి చేతిలో చపాతీ కర్రతోనే ముందుకొచ్చింది.

"ఏమండీ, మీరు మేకల సంతల దలాలీ చేసిన రోజులు మరిచిన్రా?"

పల్లీల వ్యాపారంలోకి రాకముందు పీర్ మహమ్మద్ సంతలో మేకల బేరాలు కుదిర్చేవాడు. రుమాలు కింద చేతులు పెట్టి, వేళ్లు నొక్కి ధర చెప్పుకునేవాళ్లు. చుట్టూ ఎంతమంది ఉన్నా ఆ ధర ఎవరికీ తెలిసేది కాదు.

"మీ సొంత తమ్ముడు చోటే మియా మనింటికొచ్చి, పక్కోని బేరం ఎంతకు తెగిందో చెప్పమని బతిమాలిండు. చెప్పిన్రా? అలిగి ఏడాది మన గడప తొక్కలే. తమ్మునికంటే ఎక్కువనా అని నేను గూడ కొట్లాడిన. రుమాలు కింది మాట బయటేస్తే సంతల నాకు జాగా ఉండదని మీరే అన్నరు. మరి గిది ఎవరి బిడ్డ? దానికి గా బుద్ధి ఎవరిచ్చిన్రు?"

"అమ్మీ, అది మేకల బేరం..." అన్నాడు బషీర్.

"చుప్," అన్నాడు పీర్ మహమ్మద్. అది భార్యను కాదు, కొడుకును. భుజం మీది రుమాలు తీసి చాలాసేపు మొహం తుడుచుకున్నాడు.

తాహేరా తండ్రి పక్కన కూర్చుంది. "కంపెనీల పేర్లు చెప్ప బాబా. కానీ ఏ దేశానికి ఎన్ని పల్లీలు పోతున్నయో మొత్తాలు అచ్చేస్తరు. గది దాపరికం కాదు, ఎవరడిగినా చూపిస్తం. భయ్యా రేపు వచ్చి రాసుకుంటే, గక్కడి షావుకార్లకు మనమే ఉత్తరాలు పంపుదాం."

"రేపా? నీ నౌకరి బందన్నడుగా బాబా," అన్నాడు బషీర్ మూతి ముడుచుకుని.

"ఎవరన్నరు?" అని గద్దించాడు పీర్ మహమ్మద్.

లాల్ బీ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

మర్నాడు బస్టాండుకు కూతురి సంచి మోసుకొచ్చింది తండ్రే. లాల్ బీ కూడా వెంట వచ్చింది. బషీర్ ముందే ఎక్కి సీటు పట్టాడు. పీర్ మహమ్మద్ నేల చూస్తూ అన్నాడు.

"బిడ్డా, మన కంపెనీ కాగితంల ధర రాయకుండనే పంపుతుంటి. ఎవరికో తెలుస్తదని భయం."

"ఎరికే బాబా. ధర రాయమని నీకు నోటీసులు పంపింది నేనే."

ఆయన బస్టాండు అంతా వినిపించేలా నవ్వాడు. తర్వాత వంగి, కూతురి చెవిలో పోయినేటి ధర చెప్పాడు. ఆమె తలూపి బస్సెక్కింది.

"దానికి ఏం చెప్పిన్రు?" అంది లాల్ బీ.

"నీ బిడ్డనే అడుగు."

లాల్ బీ కిటికీ దగ్గరికి ఉరికింది. "ఏం చెప్పిండే మీ బాబా?"

"చెప్పనమ్మీ!"

బస్సు కదిలింది. లాల్ బీ కళ్ల నుంచి నీళ్లు ధారగా కారాయి. "చూసిన్రా, కన్నతల్లికి గూడ చెప్పలే!" అని పక్కన నిలబడ్డ వాళ్లందరికీ గర్వంగా చెప్పుకుంది.

గుర్వమ్మ, డెబ్బై మూడేళ్లు. ఇప్పుడు ఉండేది నారాయణపేటలో.