గాలిగుడ్డ దించొద్దు

"కొనొద్దు సార్, అద్దెకి తీసుకోండి" అంది ఆ అమ్మాయి.

"కొనేయండి సార్" అన్నాను నేను.

మా పరిచయం ఇలా మొదలైంది. మాట్లాడుకుంటున్నది బైకు గురించో, జేసీబీ గురించో కాదు. నలుగురు కూర్చునే చిన్న విమానం గురించి! అప్పటిదాకా విమానం అంటే నాకు తల పైకెత్తి చూడటమే తెలుసు.

నా పేరు కేశవ. ఆత్మకూరు బస్టాండు వెనక సప్లయర్స్ షాపు నాది. షామియానాలు, కుర్చీలు, వంటపాత్రలు, సీరియల్ లైట్లు అద్దెకిస్తాను. ఉదయగిరి జనార్దనయ్య గారికి మూడు జిల్లాల్లో గ్రానైట్ క్వారీలున్నాయి. కార్లో తిరిగి తిరిగి ఆయన నడుం పోయింది. దాంతో విమానం మీద మనసు పడింది. దుత్తలూరు దగ్గర వాళ్ళక్క రామసుబ్బమ్మ గారి మెట్టచేను చదును చేయించి, ఒక కంపెనీ విమానాన్ని ఒక్కరోజుకి రప్పించి చూడాలని ఏర్పాట్లు చేస్తున్నాడు. ఆ రోజుకి షామియానా వేయమని నన్ను పిలిచాడు. టీ ఇచ్చి, "అద్దెల సంగతి నీకంటే ఎవరికి తెలుసబ్బా? నువ్వు చెప్పు, కొనాలా, అద్దెకా?" అని అడిగాడు.

అడగ్గానే నేను పెద్దమనిషినైపోయాను. పైగా ఎదురుగా కూర్చున్న అమ్మాయి నావైపు చూడకుండా బిస్కెట్ టీలో ముంచుకుంటోంది. అందుకే ఆమె అద్దె అంటే నేను కొనమన్నాను. అంతకుమించి నా దగ్గర కారణమేమీ లేదు.

"మీది షామియానా షాపా?" అంది ఆ అమ్మాయి.

"అవును."

"పొద్దస్తమానం అద్దె మీద బతికే మనిషి కొనమని చెప్తాడేంది? మీ గిరాకీలందరికీ అట్నే చెప్తారా?"

"షామియానా వేరు, విమానం వేరు మేడమ్."

"ఏం వేరు? వాడకుండా పెడితే రెండూ పాడయిపోతాయి. సార్ నెలకి నాలుగుసార్లు ఎగిరితే ఎక్కువ. మిగతా రోజులు దాన్ని ఎండలో నిలబెట్టి ఏం చేస్తారు, వడియాలు పెట్టుకుంటారా?"

జనార్దనయ్య గారు పగలబడి నవ్వాడు. "ఈ పిల్ల మధులత. మన చెంచురామయ్య కూతురు, పైలట్. నేను విమానం కొంటే నడిపే ఉద్యోగం ఈ పిల్లకే ఇస్తానన్నా. ఇక్కడే ఉండొచ్చు. అద్దెకైతే కంపెనీవాళ్ళు వాళ్ళ పైలట్‌నే పంపతారు. అది తెలిసి కూడా అద్దెకే అంటాది!"

నేను టీ గ్లాసు కింద పెట్టేశాను. తన ఉద్యోగం తనే పోగొట్టుకునే సలహా ఇంత గట్టిగా ఇచ్చే మనిషిని నేనెక్కడా చూడలేదు. అప్పుడు ఆ అమ్మాయిని సరిగ్గా చూశాను. చూడకుండా ఉండాల్సింది. ఆ రోజు నుంచి నాకు నిద్ర పట్టింది లేదు.

తరవాత పది రోజులు నాకు షాపులో పని గుర్తుంటే ఒట్టు. రాళ్ళేరించడానికి, ముళ్ళకంప కొట్టించడానికి, సున్నంతో గీతలు గీయించడానికి ఆమె దుత్తలూరు చేలోకి వచ్చేది. షామియానా గుంజల కొలతలు తీసుకోవాలని నేనూ పోయేవాణ్ణి. నాలుగు గుంజలకి పది రోజులు కొలతలేమిటని ఆమె అడగలేదు. నా వ్యాన్ డ్రైవర్ నూర్ మహమ్మద్ మాత్రం రోజూ అడిగేవాడు.

"అన్నా, ఈరోజు కూడా గుంజలేనా?"

"నోర్మూసుకుని నడుపు."

ఒకరోజు వాన పట్టుకుంది. ముగ్గురం వ్యాన్లో ముందు సీట్లో ఇరుక్కుని కూర్చున్నాం. నూర్ మహమ్మద్ కాసేపు చూసి, తనకి వానలో తడవడమంటే చాలా ఇష్టమని చెప్పి దిగిపోయాడు. బంగారంలాంటి మనిషి.

"మీ నాయన వస్తాడా ఆరోజు?" అని అడిగాను.

"చెప్పలేదు. నేను ఏర్పోర్టులో టికెట్లు చింపే పని చేస్తానని ఊళ్ళో చెప్పుకుంటాడు. ఎగరేస్తానంటే నవ్వతాడు. ఆరోజు కంపెనీ కెప్టెన్ పక్కన కూర్చుని నేనే దించుతా. దించినాక ఫోన్ చేసి పిలుస్తా. విమానం పక్కన నన్ను చూసి ఏమంటాడో చూడాలి."

అలా అంటూ అద్దం మీద వాననీళ్ళు తుడిచింది. నీళ్ళు బయట ఉన్నాయి, తుడిచింది లోపల. నాకు అదీ ముద్దుగానే అనిపించింది.

"గాలి ఎటు తోలతా ఉండాదో పైనుంచి కనపడాల. గుడ్డతో పొడుగ్గా గొట్టం మాదిరి కుట్టి గడకి కట్టాల. మీ దగ్గర గుడ్డ ఉండాదా?"

గుడ్డ అడిగింది ఎవర్ని! ఆ రాత్రే ఎరుపూ తెలుపూ పట్టీల షామియానా గుడ్డ చింపి నా చేత్తో నేనే కుట్టాను. వేళ్ళకి నాలుగు చోట్ల సూది దిగింది. మర్నాడు గడకి కట్టి చూపిస్తే, "దీనికెంత అద్దె?" అంది.

"ఇంటోళ్ళకి మా షాపులో అద్దె ఉండదు" అన్నాను.

ఆమె గాలిగుడ్డ వైపే చూసింది, అది ఎగురుతోంది కాబట్టి. నేను మాత్రం ఆ పది రోజులూ జనార్దనయ్య గారి చెవిలో ఒకటే మంత్రం. "కొనేయండి సార్. సొంతానికి ఉండే గౌరవమే వేరు." కొంటే ఆమె ఇక్కడే ఉంటుంది. అద్దెకైతే ఎక్కడికి పోతుందో ఎవరికి తెలుసు?

ఆ రోజు రానే వచ్చింది. పొద్దున్నే ఏడు గంటలకి షామియానా కింద తివాచీ పరిచి, చూడ్డానికొచ్చే పెద్దమనుషులకి మెత్తటి కుర్చీలు వేశాం. రన్‌వే వైపు తిరిగి చూసి నేను కొయ్యబారిపోయాను.

రన్‌వే నిండా గొర్రెలు! మూడు వందలుంటాయి. సున్నపు గీతల మధ్య హాయిగా పడుకుని నెమరేస్తున్నాయి.

"ఎవరు తోలినారు వీటిని?" అని అరిచాను.

"నేనే పిలిపించినా" అంది రామసుబ్బమ్మ గారు, చీపురుపుల్లతో పళ్ళు కుట్టుకుంటూ. "చేను అద్దం మాదిరి చదును చేసినారు. ఒట్టిగా పెడతామా? రెండు రాత్రులు మంద కడితే ఎరువుకి ఎరువు. నా తమ్ముడికి ఇమానాలే కానీ యవసాయం ఏం తెలుసు?"

మా వైపు చదునైన చేను ఖాళీగా కనిపిస్తే ఎవరికైనా తోచేది మందే. విమానం దిగేది ఈరోజేనని పది రోజులుగా అందరికీ చెప్పాం, ఆమెకి తప్ప.

మంద పక్కన కంబళి కప్పుకుని నిలబడ్డ ముసలాయన మెల్లిగా వచ్చాడు. "ఏందబ్బా గలాటా? నా పేరు చెంచురామయ్య. అమ్మ రమ్మంటేనే వచ్చినా."

చెంచురామయ్య! మధులత నాయన! ఇంతలో ఉదయగిరి కొండ వైపునుంచి తెల్లటి చుక్క కనిపించింది. అది పెద్దదై మా తలల మీదుగా రొదచేస్తూ పోయింది. గొర్రెలు బెదిరి రన్‌వే పొడుగునా చెల్లాచెదురయ్యాయి. విమానం దిగకుండా చుట్టు తిరిగింది. రెండో చుట్టు, మూడో చుట్టు.

"ఇంకో చుట్టు చూసి వెనక్కి పోతారంట" అన్నాడు జనార్దనయ్య గారు, ఫోన్ పట్టుకుని.

వెనక్కి పోతే ఇక అంతే. ఆమె దించేదీ లేదు, నాయన చూసేదీ లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. "నూర్! సైడు గుడ్డలన్నీ విప్పు!"

షామియానాకి పక్కన కట్టే గుడ్డలు ఒక్కోటి ముప్పై అడుగులుంటాయి. అన్నీ ముడేశాం. ఒక కొస నేను, ఒక కొస నూర్ మహమ్మద్, మధ్యలో క్వారీ పనివాళ్ళు పట్టుకుని గోడలాగా నడిచాం. చెంచురామయ్య ముందు నడుస్తూ నోటితో ఏదో కూత పెట్టాడు. మూడు వందల గొర్రెలూ ఆ కూత వెంట గుడ్డ పక్కనే కదిలి, నేరుగా షామియానా కిందకి పోయి తివాచీ మీద నిలబడ్డాయి. పెద్దమనుషులంతా ఎండలోకి వచ్చేశారు. ఒక పొట్టేలు జనార్దనయ్య గారి కుర్చీ దగ్గరే తిష్ఠ వేసింది.

విమానం కిందికి వచ్చింది. చక్రాలు నేలని తాకి, ఒక్క ఎగురు ఎగిరి, మళ్ళీ తాకి, గాలిగుడ్డ దాటి ఆగింది. తలుపు తెరుచుకుంది. తెల్లచొక్కాలో మధులత దిగింది.

చెంచురామయ్య కంబళి జారిపోయింది. తీసుకోలేదు. "పాపా... నువ్వా నడిపింది?"

"నేనే నాయనా."

"పైన మూడు చుట్లు తిరిగిందీ నువ్వేనా?"

"నీ గొర్రెల పుణ్యమే!"

ఆయన నవ్వబోయి ఏడ్చేశాడు. కూతురి తల నిమురుతూ, "టికెట్లు చింపతాదని చెప్పినానే అందరికీ, నా తల్లే" అన్నాడు. నాకూ కళ్ళు తిరిగిపోయాయి, కాదు, నీళ్ళు తిరిగాయి. దాచేదేముంది.

జనార్దనయ్య గారు ఒక రౌండు ఎక్కి వచ్చి చిన్నపిల్లాడైపోయాడు. "కొనేద్దాం! కేశవా, పది రోజులుగా చెప్తా ఉండావు కదా. చివరిగా చెప్పు, కొనేదేనా?"

మధులత నావైపు చూసింది. అవునంటే చాలు, ఆమె ఇక్కడే ఉంటుంది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ మొదటిరోజే తన లాభం చూసుకోకుండా నిజం చెప్పిన మనిషి ఎదురుగా ఉంటే అబద్ధానికి నాకు నోరు రాలేదు.

"వద్దు సార్. అద్దెకే తీసుకోండి."

"ఏందిరా ఇది?"

"నేను గొప్పకి కొన్న పెద్ద పందిరి సెట్టు ఒకటుండాది సార్ షాపులో. రెండుసార్లు వాడినా. ఎలకలు కొట్టినాయి. ఈమె మొదటిరోజు చెప్పిందే నిజం. నేను కొనమన్నది మీ కోసం కాదు. కొంటే ఈమె ఇక్కడే ఉంటాదని. అంతే."

అందరి ముందూ అనేశాను. గొర్రెలు కూడా అరవడం మానేసినట్టు అనిపించింది. మధులత మొహం ఎర్రగా అయిపోయింది. రామసుబ్బమ్మ గారు, "ఓయబ్బో!" అంది.

విమానంలో వచ్చిన కెప్టెన్ హెన్రీ గొంతు సవరించుకుని, "గొర్రెల మీద మూడు చుట్లు తిరిగి, చెయ్యి వణకకుండా దించింది. ఈమెని మా కంపెనీలో తీసుకుంటాం" అన్నాడు.

తీసుకున్నారు. ఆ మధ్యాహ్నమే ఆమె విమానమెక్కింది. ఎక్కేముందు నాతో ఒక్కమాటే అంది. "గాలిగుడ్డ దించొద్దు."

నేను దించలేదు. రెండు నెలలు, వారానికోసారి పోయి చినిగిన చోట కుట్టి వచ్చాను. జనార్దనయ్య గారు అద్దె విమానం రెండుసార్లు పిలిచాడు, దూరంగా నిలబడి చూశాను. ఆ రెండుసార్లూ దిగింది హెన్రీయే. ఆమె దగ్గర్నుంచి ఫోన్ లేదు. చేసే ధైర్యం నాకూ లేదు.

ఒక బుధవారం చెంచురామయ్య నా షాపుకి వచ్చాడు. కుర్చీలన్నీ ఒకసారి చూశాడు.

"పెళ్ళుండాది. షామియానా కావాల."

"ఎవరికి?"

"మా పాపకి."

ఆర్డర్ల పుస్తకం తలకిందులుగా తెరిచాను. అయినా షాపువాణ్ణి కదా. "ఎన్నో తారీకు? అబ్బాయి ఎవురు?"

"తారీకు నువ్వూ మీవాళ్ళూ చెప్పాల. ఇంటోళ్ళకి నీ షాపులో అద్దె ఉండదంట గదా? పాప చెప్పింది." ఆయన కంబళి సర్దుకున్నాడు. "మొన్న ఫోన్ చేసి ట్రైనింగ్ అయిపోయిందనింది, ఇంక మన చేలో దించేది తనేనంట. గాలిగుడ్డ దించినాడా అని అడిగింది. వారం వారం పోయి కుడతా ఉండాడు పిచ్చోడు అన్నా. అయితే షాపుకి పో నాయనా అనింది."

లోపల గుంజలు సర్దుతున్న నూర్ మహమ్మద్ చేతిలోంచి గుంజ దబ్బున పడింది.

చెంచురామయ్య లేచి మెట్లు దిగుతూ వెనక్కి తిరిగాడు.

"పందిరి ఏ చేలో వేస్తావో ముందుగా చెప్పబ్బా. ఈసారి మంద అటు తోలను."