పడమటి నుంచి మొదలుపెట్టిన మనిషి

"పాఠం మొదలుపెట్టకముందే అడుగుతున్నా. జర్మన్‌లో నాలుగు దిక్కులూ ఎవరికైనా తెలుసా?" అంది టీచరు.

వెనక వరసలోంచి ఒకతను లేచాడు. చొక్కా చేతి మీద గ్రీజు మరక. "వెస్టెన్, జ్యూడెన్, ఓస్టెన్, నోర్డెన్," అని బడిపిల్లాడిలా అప్పజెప్పి, అంతే తొందరగా కూర్చున్నాడు.

ముందు వరసలో కూర్చున్న అమ్మాయి పెన్ను ఆగిపోయింది.

ఆ వరస ఆమెది. లోకమంతా ఉత్తరంతోనో తూర్పుతోనో మొదలుపెడుతుంది. ఆమె మాత్రం క్లాసులో చేరకముందే, దాని కరపత్రంలో చూసి, మంచం మీద పడుకుని, కిటికీ ఉన్న పడమటి గోడ దగ్గర మొదలుపెట్టి, చూపు గది చుట్టూ తిప్పుకుంటూ ఆ మాటలు కంఠతా పట్టింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి అదో సంగతి అని కూడా అనుకోలేదు.

ఆమె బీమా కంపెనీలో క్లెయిముల ఇన్‌స్పెక్టరు. కాలిన గోడౌన్లూ మునిగిన కార్లూ చూసి, ఎవరు ఎంత అబద్ధం కలిపారో తేల్చడం ఆమె పని. జర్మన్ పరీక్ష పాసైతే ఆఫీసులో పై మెట్టు ఖాయమన్నారని ఈ క్లాసులో చేరింది. అనుమానం ఆమెకి ఉద్యోగంతో వచ్చిందా, అనుమానం ఉందని ఆ ఉద్యోగం వచ్చిందా అన్నది ఇంట్లో ఇంకా తేలని వాదం.

"బాగుంది. కానీ పడమటి నుంచి మొదలుపెట్టారేంటి?" టీచరు నవ్వింది.

అతను ముందు వరస వైపు ఒక్క చూపు చూసి, తల దించుకున్నాడు. "అలా విన్నానండీ."

ఎక్కడ విన్నాడు?

టీచరు ఇద్దరిద్దర్ని జతలు కట్టింది. అనుమానించేవాళ్ళ ఖర్మ ఎప్పుడూ ఇంతే, జత అతనితోనే పడింది.

"ఏం చేస్తుంటారు?" అని అడిగింది.

"లిఫ్టు మెకానిక్‌నండీ. మా పనిలో పైకీ కిందకీ తప్ప దిక్కులుండవు. మిగతావి నేర్చుకుందామని."

నవ్వొచ్చింది. నవ్వు రాగానే ఇంకా అనుమానం వచ్చింది. అంత సిద్ధంగా ఉన్న జవాబు ఎవరైనా నేర్పి పంపితేనే వస్తుంది.

పంపేవాళ్ళు ఉన్నారు కూడా. పెద్దత్త. పెళ్ళిచూపులంటే మేనకోడలు మొహం ముడుచుకుంటుందని, ఆవిడ కొత్త పద్ధతి కనిపెట్టింది. కుర్రాణ్ణి చెప్పాపెట్టకుండా ఎదురుగా పడేస్తుంది, నచ్చాడంటే తర్వాత చెబుతుంది. ఒకడు నీళ్ళ ఫిల్టరు అమ్మేవాడిలా వచ్చాడు, ఫిల్టరు ఎలా విప్పాలో తెలీక దొరికిపోయాడు. ఇంకొకడు లైబ్రరీలో ఆమె చదివే పుస్తకమే కావాలన్నాడు. అది టాక్సు చట్టం.

ఇతనూ ఆ కోవలోవాడే అనుకుంది. ఇంటికొచ్చినప్పుడెప్పుడో, తను గదిలో ఆ వరస పైకి చదువుతుంటే అత్త వినే ఉంటుంది.

రోజులు గడిచాయి. "నాలుగు దిక్కులూ పుంలింగమే, అన్నిటికీ 'డేర్' పెట్టాలి," అంది టీచరు ఒకసారి.

"దిక్కులు కూడా మగవాళ్ళవేనా?" అని గొణిగింది ఆమె.

"అందుకేనండీ, తప్పిపోయినా మేం దారి అడగం," అన్నాడతను మెల్లగా.

ఇంటికెళ్ళి ఆ మాట తలుచుకుని అద్దం ముందు నవ్వింది. నవ్వుతున్న మొహాన్ని చూసి దాన్నీ అనుమానించింది. ఈ నవ్వు ఎవరిది? ఎవరో ఏర్పాటు చేసిన నాటకానికి తను నిజంగా నవ్వుతోందా? అతను నిజమైతే బాగుండునని ఒక మనసు అంటోంది. ఆ కోరికే సాక్ష్యాన్ని పాడుచేస్తుందని రెండో మనసు హెచ్చరిస్తోంది. ఆమె రెండో మనసుకే జీతమిస్తూ వచ్చింది ఇన్నాళ్ళూ.

ఇంకో సంగతి కూడా ఉంది. క్లాసు నాలుగో అంతస్తులో. లిఫ్టు ఉన్నా ఆమె మెట్లే ఎక్కుతుంది. అతనూ రెండు మెట్ల వెనకగా ఎక్కుతాడు.

ఒక సాయంత్రం బయట వాన. మెట్ల కిటికీలోంచి జల్లు కొడుతోంది. ఆమె మలుపులో ఆగి వెనక్కి తిరిగింది.

"లిఫ్టు మెకానిక్ మెట్లెక్కడమేంటండీ? మిఠాయి కొట్టువాడు పక్క కొట్లో మిఠాయి కొన్నట్టు."

"లోపల ఏముంటుందో తెలిసినవాడు భయపడతాడు కదండీ," అన్నాడు. అబద్ధం. చెవులు ఎర్రబడ్డాయి.

"చాలు. మా పెద్దత్త ఎంత చెప్పింది మీ గురించి? కాదు, నా గురించి మీకెంత చెప్పింది?"

"మీ పెద్దత్త ఎవరండీ?"

"నా గదిలో నేను చదువుకునే వరస మీకెలా తెలుసు?"

అతను మొహం మీది జల్లు తుడుచుకున్నాడు. "అది చెప్పలేనండీ."

"చెప్పలేరా, చెప్పరా?"

"చెప్పనని మాటిచ్చాను."

"నా గురించి, నాకు చెప్పనని, ఇంకొకరికి మాటా? రేపట్నుంచి నా పక్కన కూర్చోకండి."

అతను పక్కన కూర్చోలేదు. అసలు క్లాసుకే రాలేదు. 'ఎక్కడ ఉంది' అంటే 'ఇమ్' అనీ, 'ఎక్కడికి' అంటే 'నాఖ్' అనీ టీచరు చెబుతుంటే ఆమె ఒక్కతే రెండు పాత్రలూ చదువుకుంది. "మీరెక్కడికి వెళ్తున్నారు?" "నాఖ్ వెస్టెన్, పడమటికి." "ఎందుకు?" పుస్తకంలో దానికి జవాబు లేదు.

చివరికి ఉండబట్టలేక పెద్దత్తకి ఫోన్ చేసింది.

"అత్తా, ఆ జర్మన్ క్లాసు అబ్బాయికి ఇంక రావొద్దని నువ్వే చెప్పావా?"

"ఏ అబ్బాయే? జర్మన్ క్లాసుకి నేనెవర్నీ పంపలేదే!"

"ఒట్టు?"

"ఒట్టెందుకే పిల్లా! నేను పంపినవాడు మీ ఆఫీసు క్యాంటీన్లో నీ ఎదురు బల్ల దగ్గరే తింటున్నాడు కొన్నాళ్ళుగా. పాపం, రెండుసార్లు ఉప్పు కూడా అడిగాట్ట. ఇచ్చావట కానీ మొహం చూళ్ళేదట. నువ్వా, ఇన్‌స్పెక్టరువి!"

ఆమె ఫోన్ పెట్టేసింది. తప్పు మనిషిని తిట్టినందుకు కలగాల్సిన సిగ్గుకన్నా ముందు సంతోషం కలిగింది. అది ఆమెకి మరీ అనుమానాస్పదంగా తోచింది.

మర్నాడు క్లాసుకి చాలా ముందే వెళ్ళింది. కింద లిఫ్టు తలుపులు బార్లా తెరిచి, అడ్డంగా 'మరమ్మతు' బోర్డు. లిఫ్టు పెట్టె పైనెక్కడో ఆగి ఉంది. కింది గోతిలో నిలబడి అతను ఏదో బిగిస్తున్నాడు. తల సరిగ్గా ఆమె నడుము ఎత్తులో ఉంది.

"మా అత్త మిమ్మల్ని పంపలేదట," అంది.

అతను తలెత్తాడు. "నేనూ అదే అన్నాను కదండీ."

"మరి ఎవరికిచ్చారు మాట?"

అతను స్పానరు కింద పెట్టి చేతులు తుడుచుకున్నాడు. ఎంతసేపు తుడిచినా గ్రీజు పోలేదు. "మీకే."

ఆమె వంగి అతని మొహంలోకి చూసింది.

"వేసవిలో మీ ఆఫీసు లిఫ్టు అంతస్తుల మధ్య ఆగిపోయింది. తీసింది నేనే. తలుపు తెరుచుకోగానే ఒక్క క్షణం కనిపించి, వెంటనే మొహం కప్పుకుని, 'ఏడ్చానని ఎవరికీ చెప్పకండి' అని మెట్ల మీంచి పరిగెత్తారు. చెప్పనన్నాను. మీకు మాత్రం ఎలా చెప్పనండీ? మీరు మరిచిపోవాలనుకున్నదే కదా అది."

మనసు తనకి సిగ్గనిపించినదాన్ని గదిలో పెట్టి తాళం వేయడమే కాదు, ఆ గదికి తలుపే లేనట్టు సున్నం కొడుతుంది. ఆ మధ్యాహ్నాన్ని ఆమె అలాగే గోడ చేసేసింది. లిఫ్టు తలుపు అవతల ఒక గొంతు ఉందనీ, 'తలుపుకి దూరంగా నిలబడండమ్మా' అని మాటిమాటికీ అందనీ ఇప్పుడు గుర్తొస్తోంది.

"ఆ దిక్కులు మనసులోనే అనుకున్నాను," అంది సన్నగా.

"పైకే అన్నారు. లోపల చిక్కినవాళ్ళు తిడతారు, తలుపు బాదుతారు. దిక్కులు లెక్కపెట్టుకున్న మనిషిని నేనెప్పుడూ వినలేదు. ఏదో స్తోత్రం అనుకున్నా. మీరు లిఫ్టులో పారేసుకున్న క్లాసు కరపత్రం మీద అవే మాటలు కనిపించాయి. అవేంటో తెలుసుకుందామని వచ్చాను. మీరూ అక్కడే ఉన్నారు."

"నా కోసం రాలేదా?"

"మొదటి రోజు కాదు." మళ్ళీ చేతులు తుడుచుకున్నాడు. "రెండో రోజు నుంచి మీ కోసమే."

ఆమె గోతి అంచున కూర్చుంది. ఇప్పుడు ఇద్దరి కళ్ళూ ఒకే ఎత్తులో ఉన్నాయి.

"మా కంపెనీకి ఫోన్ చేయండి, ఆ రోజు ఎవరు వచ్చారో చెబుతారు. రుజువుంటుంది," అన్నాడతను.

ఆమె చెయ్యి అలవాటుగా సంచిలోకి వెళ్ళింది. ఫోన్ తగిలింది. కాసేపు అలాగే పట్టుకుని, వదిలేసి, చెయ్యి ఖాళీగా బయటికి తీసింది.

"వద్దు."

"నమ్మారా?"

"లేదు. అనుమానం ఇంకా అలాగే ఉంది. అది పోయేది కాదు. నేను ఎక్కడికొస్తే అక్కడికి అదీ వస్తుంది. పర్లేదా?"

అతను గోతిలోంచి పైకెక్కి, ఆమెకి కొంచెం ఎడంగా కూర్చున్నాడు. "అయితే ముగ్గురికి టీ చెప్పనా?"

"ఇద్దరికి చాలు," అందామె, జరిగి ఆ ఎడం తగ్గించి. "అది నా కప్పులోంచే తాగుతుంది."